బిల్లు మీద ఉన్నది మీ పేరే: అద్దె ఇంటి కౌన్సిల్ ట్యాక్స్ బ్యాండ్‌ను ప్రశ్నించడం

(ఇంగ్లండ్‌లో ఒక తెలుగు సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, భోజనం చేసి కాసేపు నడుం వాల్చాల్సిన టైమ్‌లో, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని పన్నుల గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం.

పోయిన నెల ఇక్కడే టీ తాగుతుంటే ఒక చెల్లెలు ఫోన్లో తన కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు, అంటే ఇక్కడి ఇంటి పన్ను బిల్లు, చూపించింది. ఇంటి విలువను బట్టి ఎ, బి, సి అని అక్షరాలతో వేసే మెట్టునే బ్యాండ్ అంటారు, అక్షరం పైకి వెళ్ళేకొద్దీ పన్నూ పెరుగుతుంది. "అక్కా, పక్కింటివాళ్ళది సి బ్యాండ్ అట, మాది డి. రెండిళ్ళూ అచ్చం ఒకేలా ఉంటాయి. అయినా మేం అద్దెకున్నవాళ్ళం, మా చేతుల్లో ఏముందిలే" అంది. ఆ చివరి మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ఒక్క మాటకు జవాబు.

ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. మన దగ్గర ఇంటి పన్ను అంటే ఓనర్ వ్యవహారం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పదేళ్ళు అద్దెకున్నా ఇంటి పన్ను రసీదు ఎలా ఉంటుందో మనం చూసి ఉండం. అద్దె, కరెంటు బిల్లు, మెయింటెనెన్స్, ఎండాకాలం వస్తే నీళ్ళ ట్యాంకర్, అంతవరకే మన లెక్క. మునిసిపాలిటీ నోటీసు ఇంటాయన పేరు మీద వస్తుంది, ఆయనే కట్టుకుంటాడు. ఇక్కడ అలా కాదు. కౌన్సిల్ ట్యాక్స్‌ను ఇంటి విలువ చూసి లెక్కగడతారు కానీ, కట్టాల్సింది మామూలుగా ఆ ఇంట్లో కాపురం ఉన్నవాళ్ళు. అందుకే బిల్లు మీ పేరు మీద వస్తుంది. చట్టం దృష్టిలో పన్ను కట్టేవాళ్ళు మీరు, మీ ఓనర్ కాదు. కట్టే బాధ్యత మీదైనప్పుడు, "ఈ బ్యాండ్ సరైనదేనా?" అని అడిగే హక్కు కూడా మీదే. ఓనర్ అనుమతి అక్కర్లేదు, ఏజెంట్ సంతకం అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు.

ముందు ఈ బ్యాండ్ అనేది ఎలా పుట్టిందో చెప్తాను. అది తెలిస్తే తప్పులు ఎందుకుంటాయో మీకే అర్థమవుతుంది.

ఒకప్పుడు ఇక్కడ ఇళ్ళమీద రేట్స్ అని ఉండేవి, ఇంటికి ఎంత అద్దె పలుకుతుందో చూసి వేసేవాళ్ళు. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం వాటిని తీసేసి పోల్ ట్యాక్స్ తెచ్చింది. అంటే తలపన్ను. స్కాట్లండ్‌లో 1989లో, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1990లో మొదలైంది. పెద్ద బంగళాలో ఉన్నవాడూ, చిన్న గదిలో ఉన్నవాడూ ఒక ఊళ్ళో ఇంచుమించు ఒకే పన్ను కట్టాలంటే జనం ఊరుకుంటారా? 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పెద్ద అల్లర్లు జరిగాయి. ఆ ఏడాది నవంబర్‌లో థాచర్ పదవి వదులుకున్నారు. తర్వాత వచ్చిన జాన్ మేజర్ ప్రభుత్వం ఆ పన్నును త్వరగా వదిలించుకోవాలనుకుంది. 1992లో చట్టం చేసి, 1993 ఏప్రిల్ 1 నుంచి కౌన్సిల్ ట్యాక్స్ తెచ్చింది.

ఇక్కడే ఉంది అసలు సంగతి. దేశంలో ఉన్న ప్రతి ఇంటికీ అంత తక్కువ టైమ్‌లో విలువ కట్టాలి. లోపలికి వెళ్ళి చూసే తీరిక ఎక్కడిది? ఎస్టేట్ ఏజెంట్లను కూడా పనిలో పెట్టుకున్నారు. చాలాచోట్ల వీధిలో కారు నెమ్మదిగా నడుపుకుంటూ, బయటి నుంచే ఇళ్ళను చూసి, ఇది ఈ బ్యాండ్, అది ఆ బ్యాండ్ అని రాసుకుంటూ వెళ్ళిపోయారు. దాన్ని సెకండ్ గేర్ వాల్యుయేషన్ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. కారు ఫస్ట్ గేర్‌లోకి కూడా దించలేదన్నమాట. అలా 1991 ఏప్రిల్ 1 నాటి ధరల మీద వేసిన బ్యాండ్లే ఇంగ్లండ్‌లోనూ స్కాట్లండ్‌లోనూ ఇవాళ్టికీ నడుస్తున్నాయి. మళ్ళీ అన్ని ఇళ్ళకూ కొత్తగా విలువ కట్టనే లేదు. వేల్స్‌లో మాత్రం 2003 ఏప్రిల్ నాటి విలువలతో 2005లో మార్చారు.

మీరుండే ఇల్లు 2015లో కట్టిందనుకోండి. అప్పుడూ ఇదే లెక్క. "ఈ ఇల్లే 1991లో ఉండి ఉంటే ఎంతకు అమ్ముడుపోయేది?" అని ఊహించి బ్యాండ్ వేస్తారు. వినడానికి వింతగా ఉంటుంది కానీ విధానం అదే.

ఇంగ్లండ్ లెక్కలు చెప్తాను, కావాలంటే రాసుకోండి. 1991 విలువ 40,000 పౌండ్ల వరకూ అయితే ఎ బ్యాండ్. 52,000 వరకూ బి, 68,000 వరకూ సి, 88,000 వరకూ డి, 1,20,000 వరకూ ఇ, 1,60,000 వరకూ ఎఫ్, 3,20,000 వరకూ జి, ఆ పైన హెచ్. స్కాట్లండ్‌లోనూ అవే అక్షరాలు, కానీ హద్దులు వేరు. అక్కడ ఎ బ్యాండ్ 27,000తోనే అయిపోతుంది. వేల్స్‌లో హెచ్ పైన ఐ అని ఇంకొకటుంది. బెల్ఫాస్ట్ వైపు చుట్టాలున్నవాళ్ళకు ఒక మాట: నార్తర్న్ ఐర్లండ్‌లో కౌన్సిల్ ట్యాక్స్ లేదు, అక్కడింకా రేట్స్ పద్ధతే. కాబట్టి ఈ రోజు నేను చెప్పే దారి వాళ్ళకు పనికిరాదు.

డబ్బు తేడా ఎంత? డి బ్యాండ్ బిల్లును తొమ్మిది వాటాలు అనుకోండి. ఎ కి ఆరు వాటాలు, బి కి ఏడు, సి కి ఎనిమిది. పైకి వెళ్ళేకొద్దీ మెట్టు పెద్దదవుతుంది. ఇ కి పదకొండు, ఎఫ్ కి పదమూడు, జి కి పదిహేను, హెచ్ కి పద్దెనిమిది. 2025-26లో ఇంగ్లండ్‌లో డి బ్యాండ్ సగటు బిల్లు 2,280 పౌండ్లు. ఒక్క వాటా అంటే 253 పౌండ్లు. డి నుంచి సి కి దిగితే ఏడాదికి ఒక వాటా మిగులుతుంది. ఇ నుంచి డి కి దిగితే రెండు వాటాలు, అంటే 500 పౌండ్లు దాటిపోతుంది. ఇక్కడున్న చాలామందికి అది ఒక మనిషి ఇండియా టికెట్‌లో పెద్ద భాగం.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. రెండు ఇళ్ళ కథ.

మొదటిది ఒక ఫ్లాట్. మాది డి, కింది ఫ్లాట్ సి. ఇద్దరికీ రెండేసి బెడ్రూములే. నాకు చాలా కోపం వచ్చింది, రాత్రికి రాత్రే కూర్చుని ఉత్తరం తయారు చేశాను. మా ఆయన "ఒకసారి కొలత చూడు" అన్నారు. ఈ దేశంలో అద్దెకిచ్చే ఇళ్ళకు ఈపీసీ అని కరెంటు, గ్యాస్ వాడకానికి సంబంధించిన సర్టిఫికెట్ ఉండాలి. అది ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఎవరికైనా కనబడుతుంది. అందులో ఇంటి విస్తీర్ణం చదరపు మీటర్లలో ఉంటుంది. చూస్తే మా ఫ్లాట్ 71, కిందిది 58. వాళ్ళ ఫ్లాట్‌లో కొంత జాగా మెట్లకూ, సైకిళ్ళు పెట్టే చోటుకూ పోయింది. అంటే మా బ్యాండ్ తప్పు కాదు. ఉత్తరం పంపలేదు. పంపి ఉంటే ఏమయ్యేదో తర్వాత చెప్తాను.

రెండోది ఆరు ఇళ్ళ వరుసలో మధ్య ఇల్లు. ఆ ఇంట్లో దిగిన వారంలోనే పోస్ట్‌కోడ్ కొట్టి చూశాను. మా ఇల్లు డి. వరుసలో చివరి ఇల్లు కూడా డి, కానీ దానికి పక్కన పెద్ద గది కలిపి కట్టారు. మిగతా నాలుగూ సి. ఈసారి ముందు కొలతలే చూశాను. మా ఇల్లూ ఆ నాలుగిళ్ళూ ఒకటో రెండో మీటర్ల తేడాతో సమానం. ఏజెంట్‌ను అడిగితే, "బ్యాండ్ ఎప్పుడో ఫిక్స్ అయిపోయింది, టెనెంట్లు మార్చలేరు" అన్నాడు. ఆ మాట నమ్మి ఉంటే కథ అక్కడే అయిపోయేది.

పక్కింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఒక్కరే ఉండేవారు. ఒకరోజు నిమ్మకాయ పులిహోర పట్టుకుని వెళ్ళాను. మాటల్లో ఈ సంగతి వచ్చింది. ఆవిడ లేచి, అల్మారాలోంచి పాత బిస్కెట్ డబ్బా తీశారు. అందులో ఆవిడా, చనిపోయిన వాళ్ళాయనా 1990లో ఆ ఇల్లు కొన్నప్పటి కాగితాలున్నాయి. ధర 62,500 పౌండ్లు. ఇందాక చెప్పిన లెక్క గుర్తుందా? 52,000 దాటి 68,000 లోపు, సరిగ్గా సి. అంతకన్నా గట్టి సాక్ష్యం నాకు ఇంకేం కావాలి? ఆవిడ ఒప్పుకుంటే జిరాక్స్ తీసుకున్నాను. నాలుగు ఇళ్ళ అడ్రసులు, కొలతలు, ఆ కాగితం కలిపి పంపాను. కొన్ని నెలలకు జవాబు వచ్చింది, మా ఇంటి బ్యాండ్ సి కి మార్చామని. మేం దిగిన రోజు నుంచి ఎక్కువగా కట్టిన డబ్బు కౌన్సిల్ వెనక్కి ఇచ్చింది.

డబ్బు వచ్చినందుకు సంతోషమే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాకన్నా ముందు ఆ ఇంట్లో ఎన్ని కుటుంబాలు అద్దెకు ఉండి వెళ్ళాయో! చిన్న జీతాలవాళ్ళు, పిల్లలతో వచ్చినవాళ్ళు, మనలాగే కొత్తగా దేశంలో అడుగుపెట్టినవాళ్ళు. అందరూ నెలనెలా ఎక్కువ కడుతూ పోయారు. అడగొచ్చని ఒక్కరికీ తెలియలేదు, తెలిసినవాళ్ళు చెప్పలేదు. అందుకే ఎక్కడ నలుగురు తెలుగువాళ్ళు కలిసినా నేను ఈ విషయం ఎత్తుతాను.

ఇక పద్ధతి.

బ్యాండ్ వేసేది కౌన్సిల్ కాదు. కౌన్సిల్ బిల్లు పంపుతుంది, డబ్బు వసూలు చేస్తుంది, అంతే. ఇంగ్లండ్, వేల్స్‌లలో బ్యాండ్ నిర్ణయించేది పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ కిందికి వచ్చే వాల్యుయేషన్ ఆఫీస్. స్కాట్లండ్‌లో ఆ ప్రాంతపు అసెసర్ అనే అధికారి. మనవాళ్ళు చాలామంది కౌన్సిల్‌కు ఫోన్ చేసి, వాళ్ళు "మా చేతుల్లో లేదు" అంటే, ఇక ఎవరి చేతుల్లోనూ లేదనుకుని వదిలేస్తారు. కౌన్సిల్‌వాళ్ళు చెప్పింది నిజమే, మీరు అడగాల్సింది వాల్యుయేషన్ ఆఫీస్‌ను.

జీఓవీ డాట్ యూకే సైట్‌లో కౌన్సిల్ ట్యాక్స్ బ్యాండ్ చూసుకునే పేజీ ఉంటుంది. పోస్ట్‌కోడ్ ఇస్తే మీ వీధిలో ప్రతి ఇంటి బ్యాండ్ కనబడుతుంది. అక్కడి నుంచే సవాలు చేసే ఫారం కూడా మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు ఈ రోజుకల్లా ముఖ్యమైన మాట. మీరు ఒక ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ కట్టడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో అడిగితే అది చట్టప్రకారం అధికారికంగా చేసే సవాలు అవుతుంది. నాలుగు నెలల్లో వాళ్ళు నిర్ణయం చెప్పాలి. మీకు ఒప్పుదల కాకపోతే, మూడు నెలల్లోపు వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ట్రిబ్యునల్ ఆ ఆఫీసుకు సంబంధం లేని వేరే సంస్థ. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

ఆరు నెలలు దాటితే? తలుపు పూర్తిగా మూసుకోదు. గట్టి ఆధారాలతో బ్యాండ్ సరిచూడమని రివ్యూ అడగొచ్చు, తప్పుంటే మారుస్తారు. కానీ వాళ్ళు కుదరదంటే ట్రిబ్యునల్‌కు వెళ్ళే దారి ఉండదు. ఇంట్లో కొంత భాగం కూల్చినా, ఇంటిని ఫ్లాట్లుగా విడగొట్టినా, అలాంటి మార్పులు జరిగినప్పుడు మాత్రం మళ్ళీ అడిగే హక్కు వస్తుంది.

ఇక్కడ అద్దెకుండేవాళ్ళకు ఉన్న బలం చూడండి. ఇల్లు కొనుక్కుని ఇరవై ఏళ్ళుగా అందులోనే ఉన్నవాళ్ళకు ఆ ఆరు నెలలు ఎప్పుడో దాటిపోయాయి. మనం ఇల్లు మారిన ప్రతిసారీ మనకు కొత్తగా ఆరు నెలలు మొదలవుతాయి. రెండేళ్ళకోసారి అట్టపెట్టెలు సర్దుకుంటూ, డిపాజిట్ కోసం ఏజెంట్ల వెంట తిరుగుతూ పడే కష్టంలో మనకు దక్కే ఒక మేలు ఇది. దాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి?

ఆధారాల సంగతి. మీ ఇంటిలాంటివే, మీకన్నా తక్కువ బ్యాండ్‌లో ఉన్న ఇళ్ళ అడ్రసులు ఐదు వరకూ ఇవ్వొచ్చు. "లాంటివే" అన్న మాటను గట్టిగా పట్టుకోండి. అదే వీధి లేదా దగ్గరి వీధి, అదే కాలంలో కట్టినవి, అదే రకం, ఇంచుమించు అదే కొలత. మీది ఒక పక్క మాత్రమే ఇంకో ఇంటితో గోడ కలిసిన సెమీ డిటాచ్డ్ అయితే, వరుసగా గోడలు కలిసి ఉండే టెర్రస్ ఇంటితో పోల్చి లాభం లేదు. మీ ఇంటికి వెనుక గది కలిపి కట్టి ఉంటే, కట్టని ఇంటితో పోల్చకూడదు. ఇంకో ఆధారం అమ్మకం ధరలు. ఇంగ్లండ్‌లో 1989 ఏప్రిల్ 1 నుంచి 1993 మార్చి 31 మధ్య అమ్ముడైన ఇళ్ళవి. ల్యాండ్ రిజిస్ట్రీ ధరల లిస్టు ఆన్‌లైన్‌లో 1995 నుంచే దొరుకుతుంది. అందుకే పాత ఇరుగుపొరుగు అంత విలువైనవాళ్ళు.

మనవాళ్ళు ఎక్కువగా పొరపడే చోటు ఒకటుంది. ఇప్పటి ధరను 1991 ధరగా మార్చి చూపించే క్యాలిక్యులేటర్లు ఉన్నాయి, ఇళ్ళ రుణాలిచ్చే నేషన్‌వైడ్ బిల్డింగ్ సొసైటీది అందరూ వాడతారు. మీకు మీరు సరిచూసుకోవడానికి అది మంచిదే, తప్పకుండా చూడండి. పక్కిళ్ళన్నీ సి అయి, క్యాలిక్యులేటర్ కూడా సి అంటే, మీ అనుమానానికి బలం ఉన్నట్టే. పక్కిళ్ళు సి అయినా క్యాలిక్యులేటర్ డి అంటే మాత్రం ఆగి ఆలోచించండి. ఆ లెక్కను ఆధారంగా పంపితే వాల్యుయేషన్ ఆఫీస్ తీసుకోదు. సగటు ధరలు, జూప్లా, రైట్‌మూవ్ లాంటి ఇళ్ళ అమ్మకాల వెబ్‌సైట్ల అంచనాలు ఇవేవీ అక్కడ చెల్లవు.

అలాగే, ఇంట్లో బూజు పట్టిందనీ, కిటికీల్లోంచి చలి వస్తోందనీ రాస్తే బ్యాండ్ తగ్గదు. ఇల్లు ఓ మోస్తరు మంచి స్థితిలో ఉందనుకునే విలువ కడతారు. బూజు గురించి ఓనర్‌తో తేల్చుకోవాల్సిందే, అది వేరే పోరాటం. అద్దె ఎక్కువన్నదీ, జీతం తక్కువన్నదీ కూడా ఇక్కడ కారణాలు కావు. నాకు బాధగానే ఉంటుంది, కానీ ఉన్నమాట చెప్పాలి.

ఇందాక మొదటి ఫ్లాట్ గురించి తర్వాత చెప్తానన్నాను. సవాలు చేస్తే బ్యాండ్ తగ్గవచ్చు, ఉన్నట్టే ఉండవచ్చు, పెరగనూవచ్చు. మీది సరైనదే, పక్కవాళ్ళదే తప్పుగా తక్కువలో ఉందని తేలితే, వాళ్ళ బ్యాండ్ పెంచవచ్చు. నేను ఆ రాత్రి కోపంలో ఆ ఉత్తరం పంపి ఉంటే, కింది ఫ్లాట్‌లో ఉన్న కుటుంబం లెక్క కూడా తెరిచేవాళ్ళు. వాళ్ళకో చంటిబిడ్డ ఉండేవాడు. అందుకే చేతులెత్తి చెప్తున్నాను. ముందు కొలవండి, పోల్చండి, ఒక వారం ఆగండి, అప్పుడు పంపండి. ఒక్క ఊరట ఏమిటంటే, పాత తప్పు సరిదిద్ది బ్యాండ్ పెంచినా ఇంగ్లండ్‌లో అది మార్చిన రోజు నుంచే వర్తిస్తుంది, పాత బకాయి అడగరు. తగ్గితే మాత్రం తప్పు మొదలైన రోజు నుంచి తగ్గినట్టే, మీరు కట్టిన కాలానికి డబ్బు మీకు వెనక్కి వస్తుంది.

జవాబు వచ్చేవరకూ పాత బిల్లే నెలనెలా కట్టాలి. సవాలు చేశాం కదా అని ఆపకూడదు. ఒక్క వాయిదా తప్పితే రిమైండర్ వస్తుంది. దాన్నీ పట్టించుకోకపోతే ఏడాది మొత్తం ఒకేసారి కట్టమంటారు, ఆ తర్వాత కోర్టు సమన్లు. ఆ టెన్షన్ మనకొద్దు.

ఎవరో చెయ్యెత్తారు... చెప్పమ్మా.

ఈ చెల్లెలు అడుగుతోంది: "అక్కా, మేం వీసా మీద ఉన్నాం. పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వం ఇచ్చే సాయాలు, తీసుకోకూడదని వీసా షరతుల్లో ఉంది. ఇది అడిగితే వీసాకు ఇబ్బంది వస్తుందా?"

చాలా మంచి ప్రశ్న, ఈ భయంతోనే సగంమంది నోరు తెరవరు. బ్యాండ్‌ను సవాలు చేయడం సాయం అడగడం కాదమ్మా. మీరు కట్టాల్సింది సరిగ్గా ఎంతో లెక్క చూపమని అడుగుతున్నారు, అంతే. అది పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు. ఒక్కరే ఉంటే వచ్చే 25 శాతం తగ్గింపు కూడా పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు, దాన్ని భయం లేకుండా తీసుకోవచ్చు. ఆ జాబితాలో ఉన్నది వేరే. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ పబ్లిక్ ఫండ్స్‌లోకి వస్తుంది. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ఫారం నింపేముందు పేరు రెండుసార్లు చదవండి.

వెనుక నుంచి తమ్ముడు, స్టూడెంట్ అనుకుంటాను. ఇంట్లో అందరూ ఫుల్ టైమ్ స్టూడెంట్లే అయితే మీకు అసలు పన్నే లేదు నాన్నా. యూనివర్సిటీ లెటర్ కౌన్సిల్‌కు పంపండి, చాలు. గదులు విడివిడిగా వేర్వేరు మనుషులకు అద్దెకిచ్చిన ఇల్లయితే, దాన్ని ఇక్కడ హెచ్‌ఎంఓ అంటారు, కౌన్సిల్ ట్యాక్స్ కట్టాల్సింది ఓనరే. ఒకప్పుడు అలాంటి ఇళ్ళలో కొన్నిచోట్ల ఒక్కో గదికి ఒక్కో బ్యాండ్ వేసి, గదిలో ఉన్న మనిషికే బిల్లు పంపేవాళ్ళు. ఇంగ్లండ్‌లో 2023 డిసెంబర్ 1 నుంచి రూలు మారింది, ఇల్లంతటికీ ఒకటే బ్యాండ్, బిల్లు ఓనర్‌కు. ఇప్పటికీ మీ గదికి మీ పేరుతో బిల్లు వస్తుంటే ఊరికే కట్టకుండా కౌన్సిల్‌ను అడగండి.

అన్నయ్య గారు అడుగుతున్నారు, "మా అగ్రిమెంట్‌లో బిల్స్ అన్నీ అద్దెలోనే కలిపి ఉన్నాయి, మరి మా సంగతి?" అని. ముందు కౌన్సిల్ రికార్డులో ఎవరి పేరుందో కనుక్కోండి అన్నయ్యా. మీ పేరే ఉండి, డబ్బు మాత్రం ఓనర్ కడుతుంటే, ఆయన కట్టడం మానేసిన రోజు కౌన్సిల్ మీ తలుపే తడుతుంది. అది ముందే తేల్చుకోవడం మంచిది. బ్యాండ్ తగ్గితే ఆ మిగులు ఎవరికి చెందాలో కూడా అగ్రిమెంట్ చదివి, ఓనర్‌తో ముందే మాట్లాడుకోండి. మామూలుగా మీరే కడుతున్నట్టయితే ఆ డబ్బు మీదే, ఓనర్‌కు వాటా లేదు. ఆయనకు నష్టమూ లేదు. పైగా తర్వాత ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు తక్కువ బ్యాండ్ అని చెప్పుకోవచ్చు. కాబట్టి ఓనర్‌కు కోపమొస్తుందేమోనని భయపడాల్సిన పని లేదు. నేనైతే మర్యాద కొద్దీ ఒక మెసేజ్ పెట్టాను, "అడుగుతున్నాను" అని. "అడగనా?" అని పెట్టలేదు.

ఫోన్లు చేసే కంపెనీల గురించి కూడా చెప్పాలి. "మీ బ్యాండ్ తగ్గిస్తాం, వచ్చిన డబ్బులో వాటా ఇవ్వండి" అంటారు. వాళ్ళు నింపేదీ ఇదే ఫారం. మీరు ఉచితంగా చేసుకోగలిగిన పనికి వాటా ఎందుకు ఇవ్వాలి? ఇంగ్లీషులో రాయడం ఇబ్బంది అనుకుంటే మన సంఘంలోనే పదిమంది ఉన్నారు, రాసిపెడతారు.

ఇదివరకటి అద్దె ఇంటి గురించి కూడా ఒక మాట. మీరు ఖాళీ చేశాక ఆ ఇంటి బ్యాండ్ తగ్గిందని తెలిస్తే, మీరు ఎక్కువ కట్టిన కాలానికి డబ్బు మీకు రావాలి. కౌన్సిల్ దగ్గర మీ కొత్త అడ్రస్ లేకపోతే అది అక్కడే ఆగిపోతుంది. పాత ఇంటి పోస్ట్‌కోడ్ ఒకసారి కొట్టి చూడండి. మారినట్టుంటే పాత అకౌంట్ నంబరుతో కౌన్సిల్‌కు రాయండి. ఆ తర్వాత వచ్చిన టెనెంట్లు ఎవరో తెలిస్తే వాళ్ళకూ ఒక మాట చెప్పండి.

టీ రెడీ అయిందంటున్నారు. ఆ మూల టేబుల్ మీద నా ల్యాప్‌టాప్ ఉంది. పోస్ట్‌కోడ్ చెబితే మీ వీధి బ్యాండ్లు, కొలతలు ఇద్దరం కలిసి చూద్దాం. ఇల్లు మారి నాలుగైదు నెలలైనవాళ్ళు ఎవరున్నారు? చేతులెత్తండి. ఒకరు, ఇద్దరు... ఐదుగురు. మీకు టైమ్ తక్కువ ఉంది, మీరు ముందు రండి. మిగతావాళ్ళు ఈలోపు టీ తాగండి.